నీళ్లు రాని కాలువలో జీపు పందెం

“ఓడిపొమ్మంటన్నాడే ఆ గుమాస్తా! మొహాన చెప్పాడు, కాస్తన్నా మొహమాటం లేకుండా.”

“చెప్తే ఏమైంది? ఓడిపో.”

“ఏందే, నువ్వు గూడా అదే మాట! చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ మైకు కట్టి చెప్పించి, పందెం అని పేరు పెట్టి, నన్ను ఓడిపొమ్మనటం ఏంది?”

“పందెం పెట్టింది కంట్రాక్టరు గారు. జీపులు ఆయనవి. పోటీకి దిగేది ఆయన అల్లుడు. అందులో నీదేముంది చెప్పు?”

“తోలే చేతులు నావి గదే.”

“ఆ చేతులకి పని చూపించింది ఎవరు? ఈ రేకుల షెడ్డు ఇచ్చింది ఎవరు? చేతులంట, చేతులు! వెనక పోతే అరిగిపోతాయా?”

“ఎట్టా వెనక పోవాలో గూడా నువ్వే చెప్పు మరి. బ్రేకు తొక్కుకుంటా పొయ్యేదా? గేరు పడనట్టు నాటకం ఆడేదా? చూసేవాళ్లు నవ్వరూ?”

“నవ్వితే నవ్వుతారు. వాళ్ల నవ్వు మన కంచంలో పడదు. అల్లుడుగారు ముందుండాలి, నువ్వు వెనక ఉండాలి. ఏం జరిగినా సరే, ఆయన్ని దాటమాక.”

“మగోడివై పుట్టుంటే తెలిసేది నీకు.”

“నేను మగోణ్ణై పుట్టుంటే ఇప్పటికి ఒక్కచోటన్నా స్థిరంగా ఉండేవాణ్ణి.”

మా ఆయన చొక్కా తగిలించుకుని బయటికి పోయాడు. మాట కటువైనదే. కానీ అబద్ధం కాదు.

ఆదివారం పొద్దున, ప్రార్థన మందిరానికి పోవలసిన వేళ, మా షెడ్డులో జరిగిన గొడవ ఇది. అప్పుడు సాగర్ కుడికాలువ తవ్వుతున్నారు. కారంపూడికి ఇవతల కంట్రాక్టరు గారి క్యాంపు. నాపరాళ్లు నిలబెట్టి, పైన రేకులు పరిచిన షెడ్లు వరసగా ఉండేవి. వాటిలో ఒకటి మాది. మా ఆయన కంట్రాక్టరు గారి జీపు డ్రైవరు. అంతకు ముందు మాచర్లలో ఒక లారీ మీద, నరసరావుపేటలో ఒక బస్సు మీద పని చేశాడు. రెండు చోట్లా పనిలో వంక లేదు, నోటితోనే వచ్చింది తంటా. ఓనరు ఒక మాట అంటే ఈయన రెండు అనేవాడు. అట్లా రెండుసార్లు సామాను మూట కట్టుకుని పిల్లల్ని చంకనేసుకుని మా అమ్మగారింటికి చేరాం. ఈ క్యాంపుకు వచ్చాక ఆయన కాస్త తగ్గాడు. పెద్దపిల్లను కారంపూడి బడిలో వేశాం. చిన్నపిల్ల దగ్గు కూడా ఈ పొడిగాలికి నెమ్మదించింది. వర్షాకాలం రేకుల సందుల్లోంచి కారినా నాకది ఇల్లే. ఆ పూట నాకు ఉన్న భయమల్లా ఒక్కటే. ఈ పని పోకూడదు.

పందెం ఎందుకు పుట్టిందో చెప్పాలి. కంట్రాక్టరు గారి అమ్మాయికి ఆ వేసవి మొదట్లో పెళ్లి అయింది. అల్లుడు తెనాలి వైపు వాళ్లబ్బాయి. ఏడాదికి రెండు పంటలు పండే మాగాణి ఉన్న కుటుంబం. మద్రాసులో చదివాడు. పెళ్లి తరువాత అల్లుణ్ణి పిలిచి, అత్తగారింట్లో కొన్నాళ్లు ఉంచుకుని, రోజుకొక పిండివంట చేసి పెడతారే, ఆ మనుగుడుపులకు వచ్చాడు. వెంట తండ్రి కూడా వచ్చాడు. మాగాణి వాళ్లకు మా పల్నాటి మెట్ట అంటే ఎప్పుడూ చిన్నచూపే. ఇక్కడ రాళ్లు పండుతాయని, మనుషులు జొన్నలు తిని బతుకుతారని నవ్వుతారు. కంట్రాక్టరు గారికి ఆ నవ్వు తెలుసు. అందుకని వియ్యంకుడి ముందు దేనికీ తక్కువ కాకూడదని ఆయన పట్టుదల.

ఒకరోజు భోజనాల దగ్గర అల్లుడు, మద్రాసులో తాను చూసిన మోటారు పందేల సంగతి చెప్పి, “మీ కాలువ చూస్తే పందేలకే కట్టించినట్టుంది మామగారూ” అన్నాడట. మాటవరసకు అన్నాడు పాపం. నీళ్లు ఇంకా రాలేదు. కాలువ అడుగున రోలరు తిప్పి చదును చేసిన బాట, రోడ్డు కంటే నున్నగా ఉండేది. కంట్రాక్టరు గారు చేతులు కడుక్కోకుండానే, “ఆదివారం పెట్టిద్దాం” అన్నారట. కొత్త జీపు అల్లుడికి, పాత జీపు మా ఆయనకు. అల్లుడి ముందు నిలబడి తోలగలిగినవాడు క్యాంపులో ఇంకొకడు లేడు.

శనివారం సాయంత్రం గుమాస్తా వచ్చి, ఓడిపోవాలన్న సంగతి చెప్పి పోయాడు. అది అమ్మగారి మాట. మేము కంట్రాక్టరు గారి భార్యను అమ్మగారు అనేవాళ్లం. కొత్త అల్లుడు అత్తింట దిగిన మొదటి పనిలో ఓడితే అమ్మాయి కాపురానికి మంచిది కాదని ఆమె నమ్మకం. మాకు అట్లాంటి నమ్మకాలు లేవు. అయినా వాళ్ల నమ్మకం వాళ్లది. అందులో నాకు తప్పు కనపడలేదు. ఇంటికి వచ్చినవాణ్ణి గెలిపించి పంపటం మర్యాదేగా.

చుట్టాల మర్యాదకు కాలువ గట్టు మీద తాటాకు పందిరి వేశారు. పందిరంటే మామూలు పందిరి కాదు. కింద జంపఖానాలు పరిచారు. నరసరావుపేట నుంచి కుర్చీలు తెప్పించారు. ఎండ తగిలే వైపు వట్టివేళ్ల తడికలు కట్టి, వాటి మీద నీళ్లు చల్లటానికి ఒక మనిషిని పెట్టారు. ఐసు గడ్డలు రంపపు పొట్టులో పెట్టి, గోనెసంచులు చుట్టి లారీలో తెచ్చారు. దోవలోనే సగం కరిగిపోయి వచ్చింది. నీళ్లు కావాలంటే బావిలో లేవా అనిపించింది నాకు. బూంది, కారప్పూస, వేయించిన జీడిపప్పు, గోలీసోడాలు. పందిరి వెనక నిలబడి నిమ్మకాయలు పిండి షర్బతు కలిపి అందించటానికి అమ్మగారు నన్ను రమ్మన్నారు. పిల్లల్ని పక్క షెడ్డు అక్కకు అప్పజెప్పి, ఉతికిన చీర కట్టుకుని పోయాను.

ఆ గట్టు మీద నుంచి చూస్తే కాలువ మొత్తం కాళ్ల కింద పరిచినట్టు ఉంటుంది. ఎడమ చేతి వైపు వంతెన. కుడి చేతి వైపు చాలా దూరాన బాట మధ్యలో ఒక తారు డ్రమ్ము. వంతెన దగ్గర బయలుదేరి, డ్రమ్ము చుట్టి, వెనక్కి రావాలి. అట్లా మూడు చుట్లు. పందిరికి సరిగ్గా కింద సున్నంతో గీత గీశారు. మూడో చుట్టులో డ్రమ్ము తిరిగి వచ్చేటప్పుడు ఎవరు ముందు ఆ గీత దాటితే వాళ్లు గెలిచినట్టు. బాటకు రెండు పక్కలా, కట్టడానికి తెచ్చిన ఇసుక పోసి ఉంది.

అవతలి గట్టు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. మట్టి పని వాళ్లు, రాళ్లు కొట్టే వాళ్లు, దుర్గి నుంచి, కారంపూడి నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన రైతులు. వాళ్లకు నీడ లేదు. తలగుడ్డలే నీడ.

పందిట్లో ముందు వరసలో కంట్రాక్టరు గారు, పక్కన వియ్యంకుడు గారు. వియ్యంకుడు గారి మెడలో దుర్భిణి వేలాడుతోంది. వెనక వరసలో అమ్మగారు, పక్కన పెళ్లికూతురు. ఆ పిల్ల చేతిలో ఎర్రటి పట్టు రుమాలు. షర్బతు గ్లాసు అందిస్తుంటే అమ్మగారు నా చెయ్యి పట్టుకుని వంచి, చెవిలో అడిగారు.

“మీ ఆయనకు చెప్పావా అమ్మాయ్?”

“చెప్పానమ్మా.”

“వింటాడా? మూర్ఖుడని విన్నా.”

“వింటాడమ్మా. నాది పూచీ.”

 పూచీ ఇచ్చిందాన్ని నేను. స్టీరింగు మాత్రం ఆయన చేతిలో ఉంది. గట్టు మీద ఉన్న నాకూ, కాలువలో ఉన్న ఆయనకూ మధ్య నిటారుగా పేర్చిన రాళ్లు. నేను ఏం చెప్పదలచినా ఇక ఆయన దగ్గరికి చేరదు.

తుపాకీ పేల్చారు. రెండు జీపులూ దూకాయి. అల్లుడుగారిది ముందు. బాగానే తోలుతున్నాడు, తక్కువ అనటానికి లేదు. రేగడి దుమ్ము లేచి వెనక జీపును మింగేసింది. మా ఆయన నాకు కనపడలేదు. దుమ్ములోంచి జీపు ముక్కు ఒక్కటే అప్పుడప్పుడూ బయటపడి మళ్లీ లోపలికి పోతోంది. అంతకంటే మంచిది నాకు ఏముంది? అట్లాగే దుమ్ము తింటూ ఉండు నాయనా అనుకున్నాను. ప్రార్థన కూడా చేసుకున్నాను. ఆదివారం మందిరం మానేసి, మొగుడు ఓడిపోవాలని ప్రార్థన చేసినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మొదటి చుట్టు అట్లా గడిచింది. పందిట్లో అందరూ చప్పట్లు కొట్టారు. వియ్యంకుడు గారు జీడిపప్పు నములుతూ, “మా వాడు చిన్నప్పటి నుంచీ అంతే బావగారూ, దేంట్లోనూ వెనక పడడు” అన్నారు. కంట్రాక్టరు గారు మీసం సవరించుకున్నారు. సగం తాగిన షర్బతు గ్లాసులు నా దగ్గరికి తిరిగి వస్తున్నాయి. ఎంగిలి అని గట్టు కింద పారబోయాల్సి వచ్చింది. అంత చక్కెర!

రెండో చుట్టులో డ్రమ్ము దగ్గర అల్లుడుగారు నెమ్మదించాడు. మలుపు ఇరుకు, భయపడి ఉంటాడు. వెనక జీపు వచ్చి దాదాపు ఆనుకుంది. అంతే, హారన్ మోగింది. పాం, పాం అని. మాచర్ల రోడ్డు మీద బండి దారి ఇవ్వకపోతే ఎట్లా కొడతాడో అట్లా కొట్టాడు. అవతలి గట్టు జనం గొల్లుమన్నారు. “సైడియ్యవయ్యా సామీ!” అని ఎవరో కేక పెట్టారు.

అమ్మగారు వెనక్కి తిరిగి నా వైపు చూశారు. “ఏందమ్మాయ్ అది? మీ ఆయన దారి అడుగుతున్నాడేంది?”

“అలవాటమ్మా. రోడ్డు మీద అలవాటు.”

“ఇది రోడ్డా?”

“కాదమ్మా. ఇంక కొట్టడు.”

ఇంక కొట్టడని నేను ఎట్లా చెప్పాను? ఆయన కొడితే నేను ఆపగలనా? చేతిలో జగ్గు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. కానీ ఆయన మళ్లీ కొట్టలేదు. వెనక్కి తగ్గాడు, దుమ్ములోకి వెళ్లిపోయాడు. హమ్మయ్య అనుకున్నాను. కోపమైనా, రోషమైనా తగ్గించుకున్నాడు. ఇంకొక్క చుట్టు.

మూడో చుట్టు కూడా డ్రమ్ము తిరిగి వచ్చేదాకా సవ్యంగానే జరిగింది. అల్లుడుగారు ముందు, బాగా ముందు. మైకు మనిషి గొంతు చించుకుంటున్నాడు. పందిట్లో అందరూ కుర్చీల్లోంచి లేచారు. సున్నం గీత ఇంకా కొంచెం దూరంలో ఉందనగా పెళ్లికూతురు రుమాలు ఊపింది. కొత్తగా పెళ్లయిన పిల్ల, ఊపదా మరి? అల్లుడుగారు తల ఎత్తి పందిరి వైపు చూసి ఒక చెయ్యి పైకెత్తాడు. ఆ ఒక్క క్షణంలోనే జీపు బాట తప్పి ఇసుకలోకి దిగిపోయింది.

పక్కకు ఒరిగింది కానీ పడలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చక్రాలు తిరుగుతున్నాయి, ఇసుక ఎగజిమ్ముతోంది, బండి మాత్రం కదలదు. ఎంత తొక్కితే అంత లోతుకు దిగుతోంది.

వెనక నుంచి మా ఆయన జీపు వస్తోంది. బాట ఖాళీగా ఉంది. గీత ఎదురుగా ఉంది.

అప్పుడు నా మనసులో ఏమున్నదో సరిగ్గా చెప్పలేను. పొద్దున దాటమాక అని చెప్పినదాన్ని నేనే. కానీ ఇప్పుడు దాటకపోతే ఏమవుతుందో కూడా నాకు కనపడింది. ఇంతమంది చూస్తుండగా దాటకపోతే అదొక పెద్ద నాటకం బయటపడ్డట్టు. దాటితే అమ్మగారి కోపం. ఏది జరిగినా మాకే దెబ్బ. పో అనాలా, ఆగు అనాలా? అన్నా వినపడదు.

జీపు ఆగింది.

అల్లుడుగారి జీపుకు వెనక, కాస్త దూరంగా, రైలు గేటు దగ్గర ఆగినట్టు బుద్ధిగా ఆగింది. మా ఆయన ఇంజను ఆపలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

మైకు మనిషికి ఏం చెప్పాలో తోచలేదు. “మొదటి జీపు ఆగింది. రెండో జీపు కూడా ఆగింది. రెండోది ఎందుకు ఆగిందో...” అని ఊరుకున్నాడు.

అవతలి గట్టు జనం ముందు “పోన్నా! పో!” అని అరిచారు. తరువాత ఒకడికి అర్థమైంది. వాడి నుంచి ఇంకొకడికి. నవ్వు గట్టు పొడుగునా పాకింది. “దాటకూడదంటరోయ్! అల్లుడుగారు!” అని ఒక గొంతు. “పీటలేసి కూర్చోబెట్టండ్రా ఇద్దర్నీ!” అని మరొకటి.

పందిట్లో పెళ్లికూతురు, ఏమీ తెలియని పిల్ల, గట్టిగా అడిగింది. “నాన్నా, మన డ్రైవరు ఎందుకు ఆగాడు? పక్కన దారి ఉందిగా?”

కంట్రాక్టరు గారు పళ్ల మధ్య నుంచి, “పొమ్మనండ్రా వాణ్ణి. ఎవరన్నా పొమ్మనండ్రా” అంటున్నారు, ఎవరికీ వినపడకుండా. గట్టిగా అంటే అల్లుణ్ణి ఓడించమన్నట్టు. అనకపోతే ఇది. ఆయన వెనకే నిలబడి ఉన్న నాకు ఆ మాట వినపడింది. జగ్గు కింద పెట్టి గట్టు అంచుకు రెండడుగులు వేశాను. అమ్మగారు నా కొంగు పట్టుకున్నారు.

“ఎక్కడికి?”

“పొమ్మంటన్నారమ్మా అయ్యగారు.”

“పొమ్మనేదేంది! ఉండనీ. దాటాడా, చూసుకో మరి!”

మొగుడు ఒకటి అంటున్నారు, పెళ్లాం ఒకటి అంటున్నారు. ఇద్దరూ మాకు అన్నం పెట్టేవాళ్లే. నేను అక్కడే నిలబడిపోయాను. చివరకు ఉండబట్టలేక “పోవయ్యా!” అని ఒక్క కేక వేశాను. అవతలి గట్టు నవ్వులో అది ఎటు పోయిందో నాకే తెలియలేదు. ఆయన తల ఎత్తి చూడనన్నా చూడలేదు.

వియ్యంకుడు గారు దుర్భిణి కళ్ల నుంచి దించారు. నెమ్మదిగా దాని తోలు పట్టీ సర్దుకున్నారు. “బావగారూ, మా వాణ్ణి గెలిపించటానికి ఇంత శ్రమ పడ్డారన్నమాట. ముందే ఒక మాట చెబితే తెనాలిలోనే గెలిచి వచ్చేవాడుగా. ఇంత ఎండలో మీకెందుకీ అవస్థ?” అన్నారు.

ఇంతలో మా ఆయన జీపు దిగాడు. వెనక సీటు కింద నుంచి రెండు గోనెసంచులు తీశాడు. పోయి అల్లుడుగారి జీపు చక్రాల కింద దోపాడు. అల్లుడుగారు చెయ్యి ఊపుతూ ఏదో అంటున్నాడు. నువ్వు పో, నన్ను వదిలి పో అంటున్నాడని ఇంత దూరానికీ తెలుస్తోంది. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. వెనకకు పోయి భుజం ఆనించి తోశాడు. రెండోసారికి జీపు ఇసుకలోంచి బయటపడి బాట ఎక్కింది. అల్లుడుగారు చేసేది లేక ముందుకు పోనిచ్చి గీత దాటాడు. దాటి, ఇంజను ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. మా ఆయన వెనక్కి నడిచిపోయి, సంచులు దులిపి, మడిచి, సీటు కింద పెట్టి, అప్పుడు జీపు ఎక్కి తాపీగా వచ్చి గీత దాటాడు.

అవతలి గట్టు మీద నుంచి తలగుడ్డలు గాల్లోకి లేచాయి. ఈలలే ఈలలు. అవి ఎవరికో అందరికీ తెలుసు. ఆ ఈలలు ఆగిపోతే బాగుండు దేవుడా అనుకున్నాను. ఒక్కొక్క ఈల మా షెడ్డు మీద రేకు ఊడదీస్తున్నట్టు ఉంది నాకు.

గెలిచినవాళ్లకు ఇవ్వటానికి వెండి గ్లాసు తెప్పించి పెట్టారు. అల్లుడుగారు గట్టుకున్న మెట్లెక్కి పైకి వచ్చాడు. మొహమంతా ఇసుక. కంట్రాక్టరు గారు నవ్వు తెచ్చిపెట్టుకుని గ్లాసు అందించబోయారు.

“అది డ్రైవరుకు ఇవ్వండి మామగారూ. నన్ను తోసింది ఆయనే” అన్నాడు అల్లుడు. గొంతు పెంచలేదు. పెళ్లాం వైపు తిరిగి, “సామాను సర్దుకో” అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు వాళ్ల కారు నరసరావుపేట రోడ్డు ఎక్కింది. మనుగుడుపులు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. పిల్లకు ఒడిబియ్యం పోయటానికి కూడా ఆగలేదని అమ్మగారు పందిరి గుంజ పట్టుకుని ఏడ్చారు. నేను వెనక కూర్చుని గ్లాసులు కడిగాను. అన్నీ కడిగి, తుడిచి, బుట్టలో సర్ది పెట్టాను. బూంది గంపలో సగానికి పైగా అట్లాగే ఉంది. పొద్దున అయితే, పిల్లలకు పట్టుకుపో అని అమ్మగారు చెప్పారు. ఇప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను ముట్టుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన షెడ్డు ముందు తొట్టి దగ్గర ఒంటి మీది దుమ్ము కడుక్కుంటున్నాడు.

“కావాలనే చేశావా?” అని అడిగాను.

“ఏంది?”

“ఆగటం.”

“ఓనరు గారి అల్లుడు ఇసకలో దిగబడితే డ్రైవరనేవాడు చూస్తా దాటిపోతాడా?”

“అది పందెం గదయ్యా!”

“పందెం కాదని పొద్దున నువ్వేగా చెప్పింది.”

ఆయన మొహంలోకి చూశాను. నవ్వుతున్నాడా, కోపంగా ఉన్నాడా, నిజంగానే అట్లా అనుకుంటున్నాడా, ఏమీ తెలియలేదు. నీళ్లు కారుతున్నాయి మొహం మీద. ఆయనతో అంత కాలం కాపురం చేసి కూడా ఆ సంగతి నాకు తేలలేదు. తరువాత ఎప్పుడు అడిగినా ఆయన మాట మార్చేవాడు. ఒకటి మాత్రం ఉంది. ఆ పొద్దున నేను చెప్పిన మాట తప్పని నేను ఇప్పటికీ అనుకోను. పని నిలుపుకోవాలనుకున్న ఆడది ఇంకేం చెబుతుంది? ఆయన చేసింది తప్పా అంటే, దాన్ని కూడా తప్పు అనలేను. అల్లుడుగారి తప్పూ లేదు. ఇట్లా ఎవరి తప్పూ లేకుండా చెడిపోయిన పనిని బాగుచేయటానికి పట్టుకునే కొస ఎక్కడా దొరకదు.

మర్నాడు పొద్దున పొయ్యి రాజేస్తుండగా గుమాస్తా వచ్చాడు. వెంట ఇంకొక డ్రైవరు ఉన్నాడు. పడుచువాడు, వినుకొండ వైపు మనిషి అని తరువాత తెలిసింది. గుమాస్తా లోపలికి రాలేదు. “జీపు తాళం ఇవ్వవయ్యా” అన్నాడు.

మా ఆయన చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు.

“అయ్యగారు వియ్యాలవారిని బతిమాలుకోవటానికి తెనాలి పోయారు. వచ్చేసరికి షెడ్డు ఖాళీ ఉండాలన్నారు” అన్నాడు గుమాస్తా. నా వైపు చూసి, “నా చేతుల్లో ఏం లేదమ్మా” అన్నాడు.

“మీ చేతుల్లో లేదని తెలుసులే బాబూ” అన్నాను. “పెద్దపిల్ల బడికి పోతంది. కొన్నాళ్లు ఆగనిస్తే...”

“నేను చెప్పలేనమ్మా ఆయనకి.”

ఆ మాట అని ఇద్దరూ వెళ్లిపోయారు. కొంచెం సేపటికి జీపు క్యాంపు దాటి పోయిన చప్పుడు వినపడింది.  నేను అంబలి కాచి పిల్లలకు పోశాను. పెద్దపిల్ల పలక పట్టుకుని బయలుదేరింది. ఇవాళ బడి లేదని చెప్పి కూర్చోబెట్టాను. గిన్నెలు, బొంతలు, బియ్యం డబ్బా మూటలు కట్టాం. పక్క షెడ్డు అక్క వచ్చి నులకమంచం తాను ఉంచుకుంటానని, దారి దొరికినప్పుడు పంపుతానని చెప్పింది.

మాచర్ల నుంచి వచ్చే బస్సు క్యాంపు ముందు ఆగింది. కండక్టరు ఎక్కడికని అడిగాడు.  నేను నరసరావుపేట అన్నాను. అక్కడ దిగి రొంపిచెర్లకు, మా అమ్మగారింటికి, వేరే బస్సు ఎక్కాలి. మూటలు టాపు మీద వేశారు. ముందు సీటు ఖాళీగా ఉంటే పిల్లల్ని కూర్చోబెట్టాను. ఆయన వెనక డోరు దగ్గర నిలబడ్డాడు. బస్సు కదిలింది.